రేకుల కప్పు – రాతినార ధూళి – ఆప్తవాక్యము



గడచిన మాఘమాసమున మా పెరటి వసారా పైనున్న సిమెంటు రేకులు రెండు పగిలినందున వానిని మార్పింపవలసివచ్చెను. మాది గౌతమీతీరమునందలి యొక చిన్న గ్రామము. రేకులు వేయుటలో మా చుట్టుపట్ల పేరుపొందిన మేస్త్రీ యొకడు కలడు. ముప్పది యేండ్లుగా ఆతని జీవనము ఈ పనియే. ఈ మాఱు ఆతడు రాలేదు. ఆతని కొడుకు వచ్చెను. తండ్రి నాలుగడుగులు వేసినంతనే ఆయాసపడుచున్నాడనియు, నిచ్చెన యెక్కలేకున్నాడనియు చెప్పెను. పిల్లవాడు కరెంటు రంపముతో రేకును కోయుచుండగా తెల్లని పొడి పొగవలె లేచి వసారాయంతయు క్రమ్మెను. మా అత్తగారు ఆరబెట్టిన వడియములమీదను, తులసికోటమీదను, మా చిన్నదాని జడమీదను అది పడెను. మేము చీపురు పుచ్చుకొని దానిని చక్కగా ఊడ్చి పెరటిలో పోసితిమి. అది తప్పని మాకప్పుడు తెలియదు.

మఱునాడు మేస్త్రీ యిల్లాలు కూలి డబ్బులకై వచ్చి, మెట్టుమీద కూర్చుండి యిట్లనెను: “అమ్మగారూ, మా ఆయనకి దగ్గు రెండేళ్ల నుంచి తగ్గట్లేదండి. క్షయ అన్నారండి. మందులన్నీ మింగేడండి. తగ్గలేదండి. మొన్న లారీ మీదొచ్చిన కుర్రోడు, ఆ రేకుల పొడి మంచిది కాదంట, ఫోన్లో వచ్చింది అన్నాడండి. కొట్టాయన్ని అడిగితే అదంతా ఒట్టి మాట అన్నాడండి. మాస్టారు చదువుకున్నోరు కదండి, ఏది నిజమో కనుక్కుని చెప్పండి.”

ఆనాడు మావారి కడ గాని మా కడ గాని ఆ ప్రశ్నకు జవాబు లేదు. నిజము తెలిసికొనుటకు మాకు రమారమి మూడు నెలలు పట్టినది. మనలో అనేకుల యిండ్లకు రేకుల వసారాయో, రేకుల వంటశాలయో, రేకుల పశువులపాకయో ఉండకపోదు గదా! కావున మేము తెలిసికొన్న దానిని, తెలిసికొన్న విధమును గూడ సోదరీమణులకు విన్నవించుచున్నాము.

రాతినార యన నేమి?

ఆస్‌బెస్టాస్ అను దానికి మనవారు పెట్టిన పేరు రాతినార. ఇంతకన్న చక్కని పేరు లేదు. ఇది ఱాయియే, కాని కొబ్బరిపీచువలె పోగులుపోగులుగా విడిపోవును. అగ్నికి కాలదు, నీటికి చివుకదు, చెదలు పట్టదు. గ్రీకుభాషలో దాని పేరునకు ‘ఆర్పరానిది’ అని యర్థము. మన దేవీమాహాత్మ్యమునందు శుంభుని యైశ్వర్యమును వర్ణించు ఘట్టమున, అగ్నిచే శుద్ధిపొందిన వస్త్రములు ఆతనికి కలవని చెప్పబడినది. చిన్ననాడు మా నాయనగారు ఆ ఘట్టమును చదివించినపుడు, నిప్పులో వేసిన గుడ్డ కాలకుండుట యెట్లని అడిగితిమి. అది రాతినారబట్ట కావచ్చునని కొందఱు పండితులు ఊహించిరని ఇప్పుడు తెలిసినది.

ఈ ఱాయి మనకు దూరపుది కాదు. కడపజిల్లాలోని పులివెందుల ప్రాంతమున, బ్రాహ్మణపల్లె మొదలగు చోట్ల దీని గనులుండెను. 1986లో భారతప్రభుత్వము రాతినార గనులకు క్రొత్త కౌళ్లిచ్చుట నిలిపివేసినది. అయినను రష్యా మొదలగు దేశములనుండి తెల్లరాతినార ఓడలపై నేటికిని వచ్చుచునే యున్నది. దానిలో అధికభాగము సిమెంటులో కలిసి రేకులగును. రేకు బరువులో నూటికి పదిపాళ్లకు అటునిటుగా నార యుండును. తక్కినది సిమెంటు మొదలగునవి.

మన దేశమున ఈ రేకుల కర్మాగారము 1934లో మధ్యభారతమునందలి కైమూరులోను, 1946లో హైదరాబాదులోను వెలసినవి. మన గోదావరి మండలములలో ఇవి యింతగా వ్యాపించుటకు కారణము వింత కాదు. తాటాకు పాకకు వేసవిలో అగ్నిభయము, కార్తికమున గాలివాన భయము. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమపై విఱుచుకొనిపడిన తుపానును చూచినవారికి, తలపై గట్టికప్పు కావలెనను కోరిక యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. పెంకుటింటికి దూలములు, వాసములు కావలెను. డాబాకు డబ్బు కావలెను. పేదవానికి అందుబాటులో నున్నది రేకు. కావున రేకులు వేసికొన్నవారిని నిందించుట మా యుద్దేశము కాదు.

ప్రత్యక్షము చాలదు

మా నాయనగారు మాకు తర్కసంగ్రహమును గూడ కొంత చెప్పిరి. దానిని రచించిన అన్నంభట్టు మన ఆంధ్రుడే. ఒక సంగతి నిజమని యెఱుగుటకు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములు ఆ గ్రంథమున చెప్పబడినవి. వీనిలో ఉపమానముతో ఇచట మనకు పని లేదు. తక్కిన మూటితో ఈ రేకుల సంగతిని పరీక్షించితిమి.

మొదటిది ప్రత్యక్షము, అనగా కన్నులతో చూచుట. “మా తాత ఎనుబది యేండ్లు రేకులక్రిందనే బ్రతికెను, ఏమైనది?” అని మా యూరిలో నొకరనిరి. కాని ఈ విషయమున కన్ను చాలదు. రేకు కోసినపుడు కనబడు తెల్లపొడి సిమెంటు. దానితో కలిసి లేచు రాతినార పోగులు తలవెండ్రుకకన్న ఎన్నో రెట్లు సన్ననివి. కంటికి కానరావు, ముక్కునకు వాసన తగులదు, గొంతునకు మంట పుట్టింపవు. అవి ఊపిరితో లోనికి పోయి, ఊపిరితిత్తుల అడుగున నాటుకొనును. శరీరము వానిని కరగింపలేదు, బయటికి నెట్టలేదు. వాని చుట్టును పుండు మానిన మచ్చవలె గట్టిపడి, మెత్తని తిత్తి క్రమముగా తోలువలె నగును. ఇది ఆస్‌బెస్టోసిస్. పొడిదగ్గు, నడచినచో ఆయాసము దీని లక్షణములు. కొందఱికి ఊపిరితిత్తులలో కాన్సరు పుట్టును. మఱికొందఱికి ఊపిరితిత్తులను కప్పియుండు పలుచని పొరకు మెసోథీలియోమా యను కాన్సరు వచ్చును.

వీనిలో నేదియు మఱునాడు రాదు. ధూళి పీల్చినది మొదలు వ్యాధి బయటపడువఱకు ఇరువది మొదలు నలువది యేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. ఇరువదవ యేట పీల్చిన దానికి అఱువదవ యేట దగ్గు వచ్చినచో, దగ్గునకును రేకునకును సంబంధమును ఏ కన్ను చూడగలదు? ఇక ఎనుబది యేండ్లు బ్రతికిన తాతగారు రేకుక్రింద కూర్చున్నవారే గాని రేకు కోసినవారు కారు. ఈ రెండును ఒకటి కావు.

అనుమానము – లెక్క చూచుట

పొగను చూచి నిప్పు నూహించుట అనుమానము. ఒక్కరిని చూచిన తెలియని దానిని వందలకొలది జనులను లెక్కించి తెలిసికొనుట నేటి వైద్యులు చేయు అనుమానము.

ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున నెల్లీ కెర్షా అను నామె రాతినార నేతశాలలో పనిచేసి, 1924లో తన 33వ యేట మరణించెను. ఆమె ఊపిరితిత్తులను పరీక్షించిన డాక్టరు కుక్ ఆ సంగతిని వైద్యపత్రికలో ప్రకటించెను. తరువాత 1930లో మెరివెదర్ అను ప్రభుత్వవైద్యుడు రాతినార పనివాండ్రను 363 మందిని పరీక్షింపగా, నాలుగవవంతుకు మించి ఊపిరితిత్తులు గట్టిపడి యుండెను. 1960లో దక్షిణాఫ్రికా వైద్యులు మెసోథీలియోమా రోగులు 33 మందిని గూర్చి వ్రాసిరి. వారిలో పెక్కుమంది గనిలో దిగినవారు కారు. గనుల చెంత బాల్యము గడపినవారును, కాపురమున్నవారును!

మనము విశేషముగా గుర్తుంచుకొనవలసినది 1965 నాటి లండను పరిశోధన. న్యూహౌస్ అను వైద్యురాలును థాంసన్ అను వారును కలిసి, ఈ వ్యాధితో మరణించినవారి బంధువుల నడిగి వారి జీవితచరిత్రలను సేకరించిరి. వారిలో తొమ్మండుగురు ఎన్నడును రాతినార పని చేయలేదు. వారి యింటిలోని వారు చేసిరి. ఆ తొమ్మండుగురిలో తఱచుగా కనబడినది యెవరనుకొన్నారు? భర్త పనిబట్టలను దులిపి ఉతికిన భార్య! సోదరీమణులారా, ఈ వాక్యము చదివిన నాడు మాకు అన్నము సయింపలేదు. మేస్త్రీ యిల్లాలు ముప్పది యేండ్లుగా కాలువ రేవున చేయుచున్నది అదియే గదా!

శబ్దము – ఆప్తు డెవడు?

మూడవది శబ్దము, అనగా ఆప్తుని మాట. ఆప్తుడన మన మేలు కోరువాడని మాత్రమే మన వాడుక. తర్కశాస్త్రమునందు ఆప్తుడన ఉన్నదానిని ఉన్నట్లు చెప్పువాడు. ఆ కొలతతో మాకు లభించిన మాటలను కొలిచితిమి.

అంగడివాడిచ్చిన కరపత్రమున, తెల్లరాతినార హానిలేనిదనియు, సిమెంటులో బిగిసియున్న నార బయటికి రాదనియు ఉండెను. ఇందులో సగము నిజము. రేకు పగులనంతవఱకు, కోయనంతవఱకు నార బిగిసియే యుండును. కాని కోయకుండ, తొలవకుండ రేకు వేయుట యెట్లు? ముప్పదేండ్ల యెండవానలకు పైపొర అరిగిన పిమ్మట నార బయటపడకుండుట యెట్లు? సరకు నమ్ముకొనువాని మాట సగము చెప్పి ఊరకుండినది.

ఫోనులో వచ్చిన సందేశమున, రేకులక్రింద నిద్రించువారందఱును కాన్సరుతో మరణింతురని యుండెను. ఎవరు వ్రాసిరో పేరులేదు. ఎట్లు తెలిసెనో చెప్పలేదు. అదియు ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుట కాదు. భయపెట్టువాడు గూడ ఆప్తుడు కాడు. ఆ భయముతో రేకులను సుత్తితో పగులగొట్టి దింపినచో, పదేండ్లలో లేవని ధూళి ఒక్క పూటలో లేచును.

మఱి యెవరి మాట? ఫ్రాన్సుదేశమున లియాన్ నగరమునందు అంతర్జాతీయ కాన్సరు పరిశోధనసంస్థ కలదు. అది 1977లోనే రాతినార మానవులకు కాన్సరు కలిగించునని తేల్చినది. 2012లో ప్రకటించిన సంపుటమున తెల్లది మొదలుకొని అన్ని జాతుల రాతినారయు అట్టిదే యనియు, ఊపిరితిత్తులకే కాక స్వరపేటికకును, స్త్రీల అండాశయమునకును కాన్సరు కలిగించుటకు సాక్ష్యమున్నదనియు చెప్పినది. పనిచోట రాతినార పీల్చుటవలన ఏటేట రెండులక్షలకు పైగా జనులు మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. ఈ వ్యాధుల నరికట్టుటకు అన్నిటికన్న మంచి మార్గము రాతినార వాడుకను నిలుపుటయే యని ఆ సంస్థ మతము. ఇంగ్లండు 1999లోను, ఆస్ట్రేలియా 2003 తుదకును, బ్రెజిలు 2017లోను, కెనడా 2018లోను దీనిని నిషేధించినవి. మన దేశమున నిషేధము లేదు.

ఈ సంస్థలను ఆప్తులుగా ఏల గ్రహించితిమనగా: వారు రేకులు అమ్మరు, రేకులకు బదులు మఱొకటియు అమ్మరు, తమకెట్లు తెలిసెనో లెక్కలతో చూపుదురు, వేఱువేఱు దేశములవారు వేఱువేఱుగా చూచినను ఒకే మాట చెప్పుచున్నారు. తెలియని చోట తెలియదనియు చెప్పుదురు. రేకులపై పడిన వాననీటిని త్రాగినచో ఏమగునని మేము వెదకగా, త్రాగుటవలన హాని కలుగునని నిలకడయైన సాక్ష్యము లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థయే వ్రాసియున్నది. భయము ఊపిరితో పీల్చుటకు గాని మింగుటకు కాదన్నమాట. భయమును పెంచుటకు అవకాశమున్నను పెంచనివాని మాట నమ్మదగినది.

న్యాయస్థానపు తీర్పు

మన దేశపు సుప్రీంకోర్టు 1995 జనవరి 27న ఈ విషయమై యొక గొప్ప తీర్పు చెప్పినది. అహమ్మదాబాదునందలి వినియోగదారుల సంస్థ యొకటి తెచ్చిన వ్యాజ్యమది. తీర్పు వ్రాసిన న్యాయమూర్తి కె. రామస్వామిగారు ఆంధ్రులగుట మనకు సంతోషము. పనివాని ఆరోగ్యము ఆతని జీవించు హక్కులో భాగమని ఆ తీర్పు సారాంశము. రాతినార కర్మాగారములు పనివాని ఆరోగ్యపు లెక్కలను పనిలో చేరినది మొదలు 40 ఏండ్లు గాని, పని మానిన పిదప 15 ఏండ్లు గాని, ఏది యాలస్యమైన అంతవఱకు భద్రపఱుపవలెనని ఆజ్ఞ. వ్యాధి నిశ్చయమైనవానికి లక్షరూపాయల పరిహారమును విధించిరి. వ్యాధి ఆలస్యముగా వచ్చును గనుక, వ్రాతకూడ అంతకాలము నిలువవలెనని న్యాయమూర్తులు గ్రహించిరి.

కాని మన మేస్త్రీ సంగతి యేమి? ఆతడు కర్మాగారమున పనిచేయలేదు. నేడొక యింట, రేపొక పాఠశాలలో, ఎల్లుండి కోళ్లఫారమున. ఆతని పేరు ఏ పుస్తకమునను లేదు. రెండేండ్లుగా ఎందఱో వైద్యులు చూచిరి. ఏమి పనిచేయుదువని ఒక్కరైనను అడుగలేదట. అడిగినను ఆతడు “కూలిపని” యని యూరకుండును. ఆతని చరిత్ర యెఱిగినది ఒక్క యిల్లాలే.

ఇల్లాలి చేతి చీటీ

ఒక సాయంకాలము మేము కాగితము, కలము పుచ్చుకొని ఆమెను కూర్చుండబెట్టి యడిగితిమి. ఆమెకు చదువురాదు, కాని జ్ఞాపకము తాళపత్రము. పెద్దకొడుకు పుట్టిన యేడు మొదటి రేకు కోసెను. తుపాను వచ్చిన తరువాతి రెండేండ్లు పండుగనాడైనను ఇంటిపట్టున లేడు. కరెంటు రంపము కొన్నది ఆడపిల్ల పెండ్లినాడు. చుట్ట త్రాగుట పెండ్లికి ముందునుండి కలదు. ఇట్లు ఒక్కొక్కదానికి సంవత్సరము వేసికొనుచు వ్రాయగా రెండు పుటలైనది.

ఆ చీటీ పట్టుకొని వారు కాకినాడలోని పెద్దాసుపత్రికి పోయిరి. చీటీ చదివిన వైద్యుడు కుర్చీ జరుపుకొని మేస్త్రీ వ్రేళ్ల గోళ్లను చూచెనట. ఎక్స్‌రే, శ్వాసపరీక్ష, తరువాత సీ.టీ. స్కాన్ తీయించెను. ఇది క్షయ కాదనియు, ధూళివలన ఊపిరితిత్తులు గట్టిపడినవనియు, జరిగినదానిని వెనుకకు త్రిప్పు మందు లేదనియు, ఇకమీద పెరుగకుండ చూచుకొనవచ్చుననియు చెప్పెను. ధూళికి చుట్టపొగ తోడైనచో కాన్సరు భయము ఎన్నో రెట్లగును గనుక ముందు చుట్ట మానుమనెను. ఇల్లాలిని గూడ పరీక్ష చేయించుకొమ్మనెను. రెండేండ్లలో ఎవరును అడుగని ప్రశ్నకు, ఎవరును అడుగకుండగనే ఆ చీటీ జవాబు చెప్పినది.

ఇంట పాటింపదగినవి

గట్టిగానున్న రేకులను చూచి భయపడి దింపనక్కఱలేదు. వానిని కదలింపకుండుటయే క్షేమము. వానికి మేకులు కొట్టరాదు, క్రొత్తగా రంధ్రములు తొలువరాదు, పైకెక్కి నాచును ఇనుపకుంచెతో గీకరాదు. మార్పింపవలసి వచ్చినచో రేకును నీటితో తడిపి, మరలు విప్పి, విఱుగకుండ దింపింపవలెను. కరెంటు రంపమును వాడనీయరాదు. పిల్లలను, వడియములను, ఆరవేసిన బట్టలను ముందే దూరముగా తీసివేయవలెను. ముక్కునకు చుట్టుకొన్న తువ్వాలయు, కరోనానాడు మనము కట్టుకొన్న గుడ్డయు ఈ పోగులను ఆపలేవు. సూక్ష్మధూళిని వడబోయు ప్రత్యేకపు మాస్కు కావలెను.

పడిన పొడిని మేము చేసినట్లు ఊడ్వరాదు. తడిగుడ్డతో ఒత్తి తీసి, గుడ్డతోకూడ సంచిలో కట్టివేయవలెను. పనిబట్టలను దులుపక, వేఱుగా నీటిలో ముంచి ఉతుకవలెను. పగిలిన ముక్కలను బురదదారికి పఱచుట, పొయ్యికి అడ్డుపెట్టుట, దడి కట్టుట మన పల్లెలలో వాడుక. అవి కాళ్లక్రింద నలిగి పొడియగును. ఆ వాడుక మానవలెను.

క్రొత్తవి కొనునపుడు రేకుపై ముద్రను చదువుడు. భారత ప్రమాణముల సంఖ్య 459 అని యున్నచో అది రాతినార రేకు. రాతినార లేని పీచు సిమెంటు రేకులకు సంఖ్య 14871. ముద్ర కానరాని పాతరేకును రాతినారదిగనే యెంచుట మేలు. పెంకులు, జింకుపూత ఇనుపరేకులును ఉండనే యున్నవి. మా వసారాకు తక్కిన రేకులు చెడిననాడు పెంకులు వేయింపవలెనని మావారు నిశ్చయించిరి.

కడపటి మాట. మీ యింటిలో గాని, మీ యింటికి పనికి వచ్చువారిలో గాని రేకులు కోసినవారు, పాత కట్టడములు పడగొట్టినవారు, కర్మాగారములలో పనిచేసినవారు ఉన్నచో, నేడే ఒక పుస్తకమున వ్రాసిపెట్టుడు: ఏ యేట, ఎచట, ఏ పని, ఎన్నాళ్లు. పుట్టినరోజులు, ఋణములు, పురుళ్లు వ్రాసికొను చేతులకు ఇది భారము కాదు. ముప్పది యేండ్ల పిమ్మట వైద్యుడు అడిగిననాడు, ఉన్నదానిని ఉన్నట్లు చెప్పు ఆప్తవాక్యము అదియే.

మేస్త్రీ యిప్పుడు అరుగుమీద కూర్చుండి కొడుకునకు పని చెప్పుచున్నాడు. ఆ పిల్లవాడు రేకును తడుపక కోయుట లేదు. మొన్న ఆతని తల్లి మా యింటికి వచ్చి, కొంగుముడి విప్పి ఆ రెండు పుటలను తీసి, “ఇందులో మా అబ్బాయి పని కూడా రాయండి అమ్మగారూ, మొదటి రోజు నుంచీ,” అనెను. వ్రాసితిమి.